కదిలిన రేవు: విశాఖపట్టణ చరిత్ర దర్శనానికి రెండు దినాల క్రమం

చారిత్రకమైన రేవుపట్టణాన్ని చూడదలచిన యాత్రికునికి నేడు సాధారణంగా లభించే వ్యవధి శని, ఆదివారాలు మాత్రమే. ఆ రెండు దినాలలో ఏది చూడాలి, ఏది విడిచిపెట్టాలి అన్న నిర్ణయం కేవలం సౌకర్యానికి సంబంధించినది కాదు. ఆ నగర చరిత్రలో ఏది ప్రధానమన్న అభిప్రాయం అందులో ఇమిడి ఉంటుంది. మధ్యధరా తీరంలోని మార్సెయ్ నగరానికి వెళ్లినవారి నడక సహజంగానే పాత రేవు వద్ద మొదలవుతుంది. 19వ శతాబ్ది మధ్యభాగంలో పెద్ద ఓడల వర్తకం పక్కనున్న కొత్త రేవుకు తరలినా పాత రేవు నగర హృదయంగానే నిలిచింది. జెనోవా నగరం 1992లో తన పాత రేవు ప్రాంతాన్ని పునర్నిర్మించి ప్రజలకు తెరిచింది. విశాఖపట్టణంలో పరిస్థితి వేరు. రామకృష్ణా బీచి, జలాంతర్గామి ప్రదర్శనశాల, కైలాసగిరి, మరుసటి దినం అరకు లోయ అన్న వాడుక క్రమంలో నగరానికి పేరు తెచ్చిన రేవుకే చోటు లేదు. ఈ లోపానికి చారిత్రక కారణమేమిటో, రేవును కేంద్రంగా చేసుకొన్న దర్శనక్రమం ఎలా ఉండవచ్చునో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

తెలుగులో యాత్రను ప్రణాళికాబద్ధంగా నమోదు చేసే సంప్రదాయం కొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుండి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ మజిలీలను, బసలను, దారిలో దొరికే సరుకులను, ఊళ్ల స్థితిగతులను తరువాతి యాత్రికులకు పనికివచ్చే రీతిలో తెలుపుతుంది. దారి వివరమే దేశచరిత్రకు ఆధారం కాగలదని ఆ గ్రంథం నిరూపించింది. విశాఖ విషయంలోనూ దారి నుండే చరిత్రను చదవవచ్చు. ఎందుకంటే ఇక్కడి రేవు ఒకేచోట నిలిచి పెరగలేదు. కాలానుగుణంగా స్థలం మారుతూ వచ్చింది.

మొదటి దినం: ఉత్తర తీరం

నగరం నుండి భీమునిపట్టణం వైపు సాగే తీరమార్గంలో బావికొండ, తొట్లకొండ బౌద్ధారామాలు ముందుగా వస్తాయి. నీటి నిల్వకై రాతిలో తొలిచిన బావుల వల్ల మొదటిదానికి, తొట్ల వల్ల రెండవదానికి ఆ పేర్లు ఏర్పడ్డాయి. బావికొండలో 1980లలోనూ, తొట్లకొండలో 1988 నుండి 1993 వరకూ రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపాలు, విహారాలు, సమావేశ మండపాలు, వంటశాల, భోజనశాలల అవశేషాలు వెలుగుచూశాయి. శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరకడం ఈ స్థలాలకు మరింత ప్రాముఖ్యం తెచ్చింది.

ఈ నాణేలను బట్టి రోమన్ నావికులే ఇక్కడ దిగారని చెప్పడం తొందరపాటు. మధ్యధరా సరుకు అలెగ్జాండ్రియా, ఎర్రసముద్రపు రేవుల మీదుగా భారత పశ్చిమ తీరానికి చేరి, అక్కడి నుండి అనేక చేతులు మారి తూర్పు తీరానికి వచ్చి ఉండవచ్చు. నాణెం సంబంధాన్ని సూచిస్తుందే గాని ప్రయాణికుడి ఊరిని చెప్పదు. అయినా సముద్రాభిముఖమైన కొండపై ఆరామం వెలయడం, దాని కోశంలో దూరదేశపు వెండి చేరడం గమనింపదగినవి. వర్తకుల దానాలు, భిక్షువుల నివాసం, తీరప్రయాణం పరస్పరం ఆధారపడి సాగిన జీవనం వీటి వెనుక కనిపిస్తుంది.

భీమునిపట్టణం వద్ద గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. ఆ ముఖద్వారానికి సమీపంలోని పావురాలకొండ పైనా బౌద్ధావశేషాలున్నాయి. 17వ శతాబ్దిలో డచ్చివారు ఇదే చోట వర్తక స్థావరం నెలకొల్పారు. 1824 నాటి ఆంగ్ల–డచ్చి సంధి ఫలితంగా మరుసటి సంవత్సరం ఈ ఊరు ఆంగ్లేయుల వశమైంది. డచ్చి సమాధులు ఆనాటి వర్తకానికి మిగిలిన సాక్ష్యాలు. బౌద్ధ యుగానికీ డచ్చి యుగానికీ నడుమ వెయ్యేళ్లకు పైబడిన అంతరమున్నా, రెండూ ఒకే నదీముఖాన్ని ఆశ్రయించాయి. లోపలి గ్రామాల పంట, నేత తీరానికి చేరే దారి అదే కావడం ఇందుకు కారణం.

తిరుగు ప్రయాణంలో ఆనందపురం మీదుగా సింహాచలం చేరడం అనుకూలం. రహదారి వరుస ఇక్కడ కాలక్రమానికి భిన్నంగా సాగినా, నడిమి శతాబ్దుల లోటు పూరించేది సింహాచలమే. 11వ శతాబ్ది చివరినుండి లభిస్తున్న ఆలయ శాసనాలు చోళ, గంగ, గజపతి, విజయనగర ప్రభువుల కాలాలను కలుపుతాయి. ఈ కాలపు శాసనాలలోనే విశాఖపట్టణానికి కులోత్తుంగచోళపట్టణమన్న మారుపేరు, పశ్చిమాసియా వర్తకులతో సంబంధమున్న అంజువణ్ణం అనే వర్తకశ్రేణి ప్రస్తావన కనిపిస్తాయి. ఆంగ్లేయులు రాకముందు ఇది అనామక జాలరిపల్లె మాత్రమేనన్న ప్రచారం నిలవదని ఈ శాసనాలు స్పష్టం చేస్తున్నాయి.

రెండవ దినం: పాత ఊరు, కొత్త రేవు

రెండవ దినం ఉదయం పాత పోస్టాఫీసు, కోటవీధి, సోల్జర్‌పేట ప్రాంతాలకు కేటాయించాలి. కోట కనుమరుగైనా వీధి పేరు మిగిలింది. 1680లలో ఇక్కడ నెలకొన్న ఆంగ్లేయ వర్తకశాల 1689లో మొగలు సేనల దాడికి గురైంది. 1757లో బుస్సీ నాయకత్వాన ఫ్రెంచివారు పట్టణాన్ని ఆక్రమించారు. మరుసటి సంవత్సరమే విజయనగర ప్రభువు ఆనందరాజు దానిని వారి నుండి గెలిచి ఆంగ్లేయులకు అప్పగించాడు. వస్త్ర వర్తకమే ఈ పోటీకి మూలం. ఇదే కాలంలో ఇక్కడి పనివారు దంతం పొదిగి చేసిన కొయ్య సామాను ఐరోపా గృహాలకు చేరింది. లండను ప్రదర్శనశాలలో అది నేటికీ విశాఖ పేరుతోనే గుర్తింపు పొందుతున్నది.

ఆనాటి రేవుకు ధక్కా లేదు. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేస్తే, అలలను తట్టుకొనే కుట్టుపడవలలో సరుకు ఒడ్డుకు చేరేది. ఈ పనిలో జాలరుల నైపుణ్యమే ఆధారం. రక్షణ లేని ఆ లంగరుచోటు ఎంత ప్రమాదకరమో 1804 సెప్టెంబరు 15న తెలిసివచ్చింది. ఫ్రెంచి సేనాని లినోవా నౌకాదళం తీరం ఎదుటనే ఆంగ్లేయ యుద్ధనౌక సెంచూరియన్‌పై దాడి చేసి ఒక వర్తకపు ఓడను పట్టుకుపోయింది.

పాత ఊరికి ఆనుకొని ఉన్న మూడు కొండలపై మేరీమాత చర్చి, ఇషాక్ మదీనా దర్గా, వేంకటేశ్వరాలయం ఉన్నాయి. రాస్ కొండపైకి ఎక్కితే రేవు ప్రవేశమార్గమూ, దానికి దక్షిణాన అడ్డుగోడలా నిలిచిన యారాడ కొండ డాల్ఫిన్ నోసూ స్పష్టంగా కనిపిస్తాయి. రేవు, నౌకాదళ ఆవరణలలోకి సామాన్యులకు ప్రవేశం పరిమితం గనుక రేవును అర్థం చేసుకోవడానికి ఈ కొండే తగిన వేదిక.

ఇక్కడినుండి చూస్తే 1933లో జరిగిన మార్పు బోధపడుతుంది. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న ఉప్పుటేటి చిత్తడి నేలను తవ్వి, ఓడలు భూభాగం లోపలికే వచ్చే రేవును నిర్మించారు. పాత ఓడలు రెండింటిని రాళ్లతో నింపి ముంచి, ప్రవేశమార్గానికి అలల తాకిడి తగ్గించారు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రానికి చేర్చడం ఈ నిర్మాణపు ప్రధానోద్దేశం. రాయపూరు–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తికావడం అందుకు దోహదం చేసింది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త రేవులో ప్రవేశించింది. 1941లో శంకుస్థాపన జరిగిన సింధియా నౌకానిర్మాణ కేంద్రం నుండి 1948 మార్చి 14న జలఉష జలప్రవేశం చేసింది. 1976లో బాహ్య రేవు, 2009లో గంగవరం రేవు వచ్చాయి.

వర్తకం తీరపు ఇసుకనుండి లోపలి ధక్కాలకు మారడంతో పాత ఊరికి రేవుతో ఉన్న ప్రత్యక్ష సంబంధం తెగిపోయింది. మార్సెయ్‌లో రేవు తరలినా నగరానికి నీటి అంచు మిగిలింది. ఇక్కడ కొత్త రేవు చుట్టూ గోడలు లేచాయి. నేటి యాత్రా క్రమాలలో రేవు కనిపించకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

మధ్యాహ్నం గాజువాక దిశగా సాగితే ఉక్కు నగరం వస్తుంది. 1966 నాటి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ చేసిన శంకుస్థాపన, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేయడం ప్రసిద్ధ విషయాలు. దిగుమతి బొగ్గుపై ఆధారపడే తీరప్రాంత ఉక్కు కర్మాగారానికి రేవు సామీప్యం అవసరం. ఆ అర్థంలో ఇది రేవు చరిత్రకు కొనసాగింపు. భూములిచ్చిన 64 గ్రామాల చరిత్ర కూడా ఇందులో భాగమే. ఆ గ్రామాలకు దర్శనీయ స్థలం మిగలలేదు. కనుక ఆ భాగాన్ని నిర్వాసితుల మాటల్లోనే వినవలసి ఉంటుంది.

ముగింపు

రెండు దినాలలో విశాఖ చరిత్ర సమగ్రంగా చూడడం సాధ్యం కాదు. అయితే రేవు కదలికను సూత్రంగా తీసుకొంటే నదీముఖం, తెరిచిన తీరం, చిత్తడిలో తవ్విన రేవు, ఉక్కు కర్మాగారం ఒకే కథలోని ఘట్టాలుగా అమరుతాయి. ప్రతి ఘట్టంలోనూ లోపలి దేశపు ఉత్పత్తి సముద్రానికి చేరే మార్గమే రేవు స్థలాన్ని నిర్ణయించింది. వస్త్రం కోరిన రేవు వేరు, ఖనిజం కోరిన రేవు వేరు. ఈ క్రమంలో అన్నిటికంటే బలహీనమైన కొలికి పాత ఊరు. కొండలు, శాసనాలు రక్షిత స్థితిలో ఉన్నాయి. కొత్త రేవుకు తన బలం తనకుంది. కోటవీధి పరిసరాల పాత ఇళ్లకు, సమాధులకు, వీధి పేర్లకు మాత్రం వాటిని చూడవచ్చేవారి ఆసక్తి తప్ప వేరే అండ తక్కువ. అందుచేత రెండవ దినపు ఉదయాన్ని పాత ఊరికి కేటాయించడం ఈ ప్రణాళికలో మార్చరాని అంశం.