పెద్ద కుర్చీలో మనిషి లేని సంఘం

మన హిందూపురంలో గానీ, పెనుకొండలో గానీ, ధర్మవరంలో గానీ చర్చికి దారి అడిగితే ‘ఫలానా అయ్యగారి చర్చి’ అంటేనే ఆటో అతనికి తెలుస్తుంది. ఆ అయ్యగారు ఎండనక వాననక పల్లెలు తిరిగి సంఘాన్ని నిలబెట్టి ఉంటారు. ఆ పిలుపును నేను తప్పుపట్టను. కానీ ఆయన పోయిన మర్నాటి నుంచే కొడుకా అల్లుడా, స్థలం ఎవరి పేరున ఉంది, బ్యాంకులో ఎవరి సంతకం చెల్లుతుంది అన్న తగువు మొదలవుతుంది. సంఘం రెండుగా చీలి ఒకే వీధిలో రెండు మైకులు మోగడం మనం చూస్తూనే ఉన్నాం. అమెరికాలో నేనుంటున్న ఊరు పెన్సిల్వేనియాలోని బెత్లహేం. ఈ ఊరికి పునాది వేసిన మొరేవియన్ సంఘానికి దాదాపు ఇలాంటి చిక్కే 1741లో వచ్చింది. వాళ్లు దాన్ని ఎలా దాటారో మనవాళ్లకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మొరేవియా ఇప్పటి చెక్ దేశంలో ఒక ప్రాంతం. దాని పక్కనున్న బొహీమియాకు చెందిన యాన్ హుస్ అనే బోధకుణ్ణి 1415లో సజీవదహనం చేశారు. ఆయన బాటలో నడిచినవాళ్లు 1457లో సహోదర సంఘంగా ఏర్పడ్డారు. అప్పటికి లూథర్ పుట్టనే లేదు. 1620లో యుద్ధం ఓడిపోయాక వాళ్ల చర్చిలు పోయాయి, పెద్దలు దేశాలు పట్టిపోయారు, మిగిలినవాళ్లు తలుపులు వేసుకుని చాటుగా బైబిలు చదువుకుంటూ వందేళ్లు గడిపారు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు తలదాచుకోవడానికి పెనుకొండ కోట ఉంది. వీళ్లకు 1722లో దొరికింది జర్మనీలో జిన్‌జెన్‌డార్ఫ్ అనే యువ జమీందారు భూమిలో కొంత అడవి. క్రిస్టియన్ డేవిడ్ అనే వడ్రంగి అక్కడ మొదటి చెట్టు కొట్టాడు. అలా వెలసిన ఊరే హెర్న్‌హూట్.

అయిదేళ్లు తిరక్కుండానే అక్కడా తగవులు. ఒకరి బోధ ఇంకొకరికి గిట్టలేదు. జిన్‌జెన్‌డార్ఫ్ ఇంటింటికీ తిరిగి మాట్లాడి, 1727 మేలో అందరూ ఒప్పుకునే నియమాలు రాయించాడు. ఆగస్టు 13న ప్రభువు బల్ల దగ్గర వాళ్లు ఒకరినొకరు క్షమించుకున్నారు. ఆ నెలాఖరుకే 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు గంటలు పంచుకుని రాత్రింబవళ్లు ప్రార్థన మొదలుపెట్టారు. ఆ వంతులు సుమారు వందేళ్లు సాగాయి. 1732లో లెనార్డ్ డోబర్ అనే కుమ్మరి, డేవిడ్ నిట్ష్‌మాన్ అనే వడ్రంగి కరీబియన్ ద్వీపం సెయింట్ థామస్‌లోని బానిసలకు సువార్త చెప్పడానికి బయలుదేరారు. ఊరి జనం అప్పటికి కొన్ని వందల మందే, అందులోనూ కాందిశీకులు. మగ్గం మీదో సుత్తితోనో బతికే మన ధర్మవరం విశ్వాసులు ఇది గమనించాలి: వాళ్లు చేతిపనితో పొట్ట పోసుకుంటూ సేవ చేయాలనే వెళ్లారు.

ఆ కుమ్మరి డోబరే తర్వాత సంఘానికంతటికీ ప్రధాన పెద్ద అయ్యాడు. సంఘం ఖండాలు దాటి పెరిగేసరికి ఆ భారం తన వల్ల కాదన్నాడు. 1741 సెప్టెంబరులో లండన్‌లో కూర్చుని ఆయన తర్వాత ఎవరా అని వెతికితే ఏ పేరూ నిలవలేదు. అప్పుడు వాళ్లకు తోచింది, ఆ స్థానం క్రీస్తుదే అని. ఇక మీదట ఏ మనిషినీ అందులో కూర్చోబెట్టబోమని తీర్మానించి, నవంబరు 13న ఆ సంగతి సంఘాలకు తెలియజేశారు. మొరేవియన్లు ఆ రోజును ఇప్పటికీ పాటిస్తారు. అలాగని పాలన గాలికి వదిలేయలేదు. సభలు జరుగుతాయి, సభలు ఎన్నుకున్న మండళ్లు పని నడుపుతాయి. వాళ్లకు బిషప్పులూ ఉన్నారు. అయితే బిషప్పుకు ఆ పదవి వల్ల పాలనాధికారం రాదు, పాస్టర్లకు పాస్టరుగా ఉండటమే ఆయన పని. బిషప్పు గద్దె కోసం కోర్టు మెట్లెక్కిన సంగతులు తెలిసిన మనకు ఈ ఒక్క ఏర్పాటు చాలు, వాళ్ల చరిత్ర చదవడానికి.

ఇంకొకటి నాకు బాగా నచ్చిన అలవాటు. 1728 నుంచి వాళ్లకు రోజుకొక వాక్యం ఉంటుంది. 1731 నుంచి అది ఏటేటా పుస్తకంగా అచ్చవుతోంది. పాత నిబంధన వచనాన్ని ఇప్పటికీ హెర్న్‌హూట్‌లో చీటీ తీసి నిర్ణయిస్తారు. మన దగ్గర కొత్త సంవత్సరం రాత్రి వాగ్దాన కార్డు ఎవరిది వాళ్లు తీసుకుంటాం, అందులో ఆశీర్వాదమే ఉంటుంది. ఇక్కడ ఆ రోజు మాట బెత్లహేంకీ టాంజానియాకీ ఒకటే, అది మందలింపైనా సరే. పాస్టరు తన గొడవకు పనికొచ్చే వచనాన్ని ఏరుకోవడానికి అందులో వీలుండదు.

విశ్వాసంలో ముఖ్యమైనవేమిటో పాత సహోదరులే తేల్చిపెట్టారు. దేవుడు సృష్టించాడు, విమోచించాడు, పవిత్రపరుస్తాడు. మనిషి విశ్వాసంతో, ప్రేమతో, నిరీక్షణతో బదులిస్తాడు. బైబిలు, బాప్తిస్మం, ప్రభువు బల్ల అంతటివి కూడా ఆ ముఖ్యమైనవాటి దగ్గరికి మనిషిని చేర్చే సేవకులు. ముంచడమా చిలకరింపా, నగలు పెట్టుకోవచ్చా, క్రిస్మస్ చేయవచ్చా అని పెళ్లి సంబంధాలు కూడా వదులుకునే మన కుటుంబాలు ఈ వరుసను నిదానంగా ఆలోచించాలి.

బెత్లహేంకి ఆ పేరు 1741 క్రిస్మస్ ముందు రాత్రి పెట్టారు. మొదటి ఇరవై ఏళ్లు ఇక్కడ ఎవరికీ జీతం లేదు. తిండి, బట్ట, పిల్లల చదువు సంఘమే చూసుకునేది, కొందరు తోళ్లు పదునుచేసి, ఇనుము కాచి సంపాదిస్తే ఆ డబ్బుతో మిగిలినవాళ్లు సువార్తకు వెళ్లేవారు. పిల్లల్ని తల్లిదండ్రులకు దూరంగా పెంచేవారు, అది నా మనసుకు ఎక్కదు. వాళ్లకూ చివరికి భారమైంది, 1762లో ఆ పద్ధతి మానేశారు. సువార్త పని మాత్రం మానలేదు.

ఊరి నడిబొడ్డున పాత సమాధుల తోట ఉంది. నిలువురాయి ఒక్కటీ కనపడదు, అన్నీ నేలకు సమంగా పరిచిన చిన్న పలకలే. కొన్నిటి మీద అక్షరాలు అరిగిపోయి వేలితో తడిమితేగానీ తెలియవు. కుటుంబాల వారీగా కాక స్త్రీలు ఒకవైపు, పురుషులు ఒకవైపు, చనిపోయిన వరుసలో పడుకున్నారు. 1746లో పోయిన యోహాను అనే మోహికన్ ఆదివాసి, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు, జర్మనీ నుంచి వచ్చినవాళ్లు ఆ ఒక్క నేలలోనే ఉన్నారు.

కానీ ఈ సంఘమే బానిసల్ని కొన్నది. నార్త్ కరొలైనాలోని సేలంలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసే ఆరాధించేవారు. 1816లో సమాధుల స్థలం వేరు చేశారు, 1822లో నల్లవాళ్లకు సంఘమే వేరు చేశారు. చుట్టుపక్కల తెల్లవాళ్ల మర్యాదకు లొంగిపోయారు. అమెరికా మొరేవియన్ల దక్షిణ మండలం 2006లో క్షమాపణ అడిగింది. పేరుకు ఒకే ప్రభువు, సమాధులకు మాత్రం మాలల స్థలం, మాదిగల స్థలం అనుకునే చోటు మన ఆంధ్రలో ఎక్కడ ఉన్నా, ఆ 1816 తీర్మానం అక్కడ ఇంకా అమల్లో ఉన్నట్టే.

2024 జూలైలో ప్రపంచ వారసత్వ సంఘం మన న్యూఢిల్లీలోనే కూర్చుని బెత్లహేంని, హెర్న్‌హూట్‌ని తన జాబితాలో చేర్చింది. ఇక్కడివాళ్లు సంబరపడ్డారు, నేనూ సంబరపడ్డాను. అయితే మొరేవియన్లు ఇప్పుడు ఎక్కువగా ఉన్నది ఈ రాతి భవనాల్లో కాదు, ఆఫ్రికాలో, ముఖ్యంగా టాంజానియాలో. మన లడాఖ్‌లోని లేహ్‌లో కూడా 1885 నుంచి వాళ్ల సంఘం ఉంది.

మన మూడు ఊళ్లలో ఏ సంఘమైనా ఈ ఏడాది ట్రస్టు డీడ్ రాసుకుంటుంటే, కమిటీ కూర్చున్న రోజున 1741 సంగతి పైకి చదవండి. వారసుడి పేరు రాయకండి. పెద్దల పదవి ఎన్నేళ్లో రాయండి, కానుకల లెక్క ఎవరు చూస్తారో, సంఘానికి ఏ తేదీకల్లా చదివి వినిపించాలో రాయండి. సమాధుల స్థలం అందరికీ ఒక్కటేనని కూడా అందులోనే రాయండి.