నగరోద్యానం: దానం నుంచి హక్కు దాకా

నగర వైశాల్యంలో పచ్చదనం ఎంత అన్నది ఒక లెక్క. ఆ పచ్చదనం ఎవరి గడపకు ఎంత దూరంలో ఉన్నది, దాని ద్వారం ఎవరికి తెరచి ఉన్నది అన్నది మరొక లెక్క. భారతీయ నగరాల చరిత్రలో మొదటి లెక్క పటాలపైన కనిపిస్తుంది. రెండవది వినతిపత్రాలలోను, న్యాయస్థానాల తీర్పులలోను దొరుకుతుంది.

1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యాన్ కిక్కిరిసిన ఆ నగరానికి నేటి సెంట్రల్ స్టేషను పరిసరాలలో ఒక విశాలమైన తోటను సంకల్పించాడు. దానికి పీపుల్స్ పార్క్ అనే పేరు వచ్చింది. అది పాలకుని దానమే అయినా పేరు మాత్రం ప్రజలది. అయితే ఆ తోట నిలువలేదు. విక్టోరియా పబ్లిక్ హాలు, 1900లో తెలుగు పుస్తకప్రియులకు సైతం చిరపరిచితమైన మూర్ మార్కెట్, 1913లో నగరపాలక సంస్థకు చెందిన రిప్పన్ భవనం, అటుపైన క్రీడారంగం ఒకదాని వెంట ఒకటి ఆ నేలపై వెలిశాయి. వీటిలో నిష్ప్రయోజనమైనది ఒక్కటీ లేదు. ప్రతి కట్టడానికి దాని అవసరాన్ని వాదించేవారున్నారు. ఖాళీ నేల పక్షాన వాదించేవారే కరవైనారు.

బొంబాయిలో వివాదం మరో రూపు దాల్చింది. అక్కడి మైదానంలో స్థానిక యువకులు క్రికెట్ ఆడేవారు. 1875లో స్థాపితమైన బొంబాయి జింఖానాలో సభ్యత్వం ఐరోపావారికే పరిమితం. వారు పోలో ఆడగా గుర్రపు డెక్కల తాకిడికి పచ్చిక పాడై, క్రికెట్‌కు పనికిరాకుండా పోయేది. 1881లో వందలాది ఆటగాళ్లు గవర్నరుకు వినతిపత్రం సమర్పించారు. కొన్నేళ్ల వాదోపవాదాల పిమ్మట పార్సీలకు, ముస్లిములకు, హిందువులకు సముద్రతీరాన వేర్వేరు జింఖానా స్థలాలు లభించాయి. ఫిర్యాదు తీరింది గాని, ఉమ్మడి మైదానాన్ని సమంగా పంచుకోవడమెట్లా అన్న ప్రశ్న తీరలేదు. వర్గానికొక ఆవరణ ఏర్పడింది. ఏ సంఘంలోనూ సభ్యత్వం లేని పేదవాడు వాటన్నింటికీ వెలుపలనే మిగిలాడు.

1914లో భారతదేశానికి వచ్చిన స్కాట్లండు పండితుడు పాట్రిక్ గెడ్డిస్ ఈ సమస్యను మరో వైపు నుంచి చూశాడు. మద్రాసు రాజధానిలోని పట్టణాలను పరిశీలించి, 1915లో నివేదికలు సమర్పించాడు. పాతపేటలను చీల్చి వెడల్పాటి వీథులు వేయడం పేదలను నిర్వాసితులను చేయడమేనని అతడు హెచ్చరించాడు. శిథిలమైన ఇళ్లను మాత్రమే తొలగించి, అక్కడ చెట్లు నాటి, పేట నడుమనే చిన్న చిన్న ఖాళీ స్థలాలను కల్పించాలని సూచించాడు. ఊరి చివరి మహోద్యానం కంటే ఇంటి చెంతనున్న నీడ మేలన్నది ఆ దృష్టిలోని సారం. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం ద్వారా తోటలకు, ఆటస్థలాలకు ముందుగానే నేల కేటాయించే పద్ధతికి చట్టబద్ధత కలిగింది.

కేటాయించిన నేలను కాపాడుకొనే హక్కు ఎవరిది? బెంగుళూరులో ఒక నివాస ప్రాంతపు ప్రణాళికలో ఉద్యానానికి ఉద్దేశించిన స్థలాన్ని ఆసుపత్రి నిర్మాణానికై ఒక ప్రైవేటు వైద్య సంస్థకు ఇచ్చినప్పుడు ఆ ప్రాంతవాసులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆసుపత్రి కూడ ప్రజోపయోగమే గదా అన్న వాదం వచ్చింది. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది. ఉద్యానం ప్రజారోగ్యానికి ఆవశ్యకమనీ, ప్రశ్నించే అర్హత స్థానికులకున్నదనీ స్పష్టీకరించింది. మద్రాసు తోటకు కరవైన వాది ఇక్కడ పౌరుని రూపంలో లభించాడు. మరుసటి యేడు ఆమోదం పొందిన 74వ రాజ్యాంగ సవరణ ఉద్యానాలను, ఆటస్థలాలను పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంస్థల విధులలో చేర్చింది.

2014 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు తలకు 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలాన్ని సూచించాయి. ఐతే సగటు లెక్క లోటును కప్పివేయగలదు. ఒక పేటలోని విశాల వనం మరో పేటలోని శూన్యాన్ని పూరించదు. ప్రవేశ రుసుము కూలివాని కుటుంబాన్ని ద్వారం వద్దనే ఆపవచ్చు. అతడు పని ముగించుకొని వచ్చేసరికి తలుపులు మూసివేయవచ్చు. వార్డు వారీగా నడక దూరం, రుసుము, తెరచి ఉంచే వేళలు కూడ ప్రణాళికలో చేరిననాడే ఆ తోట పేరుకే కాక, వాస్తవంగా ప్రజలదవుతుంది.