ఎనిమిది గంటల పనీ, సమ్మే

1911 ఫాక్టరీ చట్టం జౌళిమిల్లులో మగకూలీచేత రోజుకు 12 గంటలు పనిచేయించుకోవడానికి అనుమతించింది. ఆ మరుసటేడే, 1912లో, సాక్చిలోని (తర్వాతి జంషెడ్‌పూర్) టాటా ఉక్కు కర్మాగారంలో 8 గంటల పనిదినం అమలులోకి వచ్చింది. 1915లో ఉచితవైద్యం, 1920లో ప్రావిడెంటు ఫండు. ఇదంతా బూటకమని కొట్టిపారేయడం మనలో కొందరికి అలవాటు. కాని, జబ్బుపడ్డ బిడ్డను ఆసుపత్రికి ఎత్తుకుపోయిన కొలిమి కార్మికుడికి అది బూటకమెలా అవుతుంది?

అయితే ఫండు వచ్చిన 1920లోనే సమ్మె ఎందుకు జరిగింది? 1922లో మళ్లీ ఎందుకు జరిగింది? యుద్ధకాలంలో పెరిగిన ధరలు ఒక కారణం. అంతకన్న ముఖ్యమైనది మరొకటుంది. పనీ, యిల్లూ, వీధీ, వైద్యమూ అన్నీ కంపెనీవే. వాటిని గురించి కార్మికుడు మాట్లాడే చోటే లేదు. సౌకర్యాలు యివ్వడానికి ముందుకొచ్చిన యాజమాన్యం కార్మికసంఘాన్ని గుర్తించడానికి మాత్రం 1925లో గాంధీగారు అక్కడికి వెళ్లేదాకా ఒప్పుకోలేదు. 1928లో ఉద్యోగాల తగ్గింపుమీద మళ్లీ సమ్మెకట్టిన నాటికి 8 గంటల పనీ, ఆసుపత్రీ, ఫండూ వాళ్లకు వున్నాయి.