రేనాటి నాయకుల వైరం: చరిత్రలోని పాలెగాడు, తెరమీది ఫ్యాక్షన్ నాయకుడు

ఎదురెదురుగా ఇద్దరు నాయకులు, వారి వెనుక కత్తులు పట్టిన మనుషులు, మధ్యలో నలిగిపోయే ఊరు. రాయలసీమ ఇతివృత్తంతో వచ్చిన తెలుగు సినిమాలు స్థిరపరచిన చట్రం ఇది. థియేటర్లలో ఆ సినిమాల కాలం ముగిసినా టెలివిజన్‌లో వాటి ప్రదర్శన ముగియలేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ పేర్లు వినగానే బయటివారికి మొదట తోచేది ఈ చట్రమే. అదే ప్రాంతంలోని ఉయ్యాలవాడకు చెందిన నరసింహారెడ్డి 1846లో సాగించిన తిరుగుబాటు ఈ చట్రంలో ఎంతవరకు ఇముడుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నాయకులను శౌర్యంతోనో క్రౌర్యంతోనో పోల్చడం పరిపాటి. ఇక్కడ కొలమానం వేరు. నాయకుని వెంట నడిచినవానికి ఆ వైరంలో సొంతంగా ఏమి ఉంది?

ముందుగా తెర సంగతి. ‘సమరసింహారెడ్డి’ (1999)లో ప్రతినాయకుడు వీరరాఘవరెడ్డిగా నటించిన జయప్రకాశ్ రెడ్డి ఆళ్ళగడ్డ సమీపంలోని సిరివెళ్లలో పుట్టినవారు. ఆ పాత్రకు బలం ఆయన పలికిన సీమ యాసే. (ఈ మాండలికం తెరమీద ఎక్కువగా ప్రతినాయకుని నోటనే స్థిరపడటం విడిగా పరిశోధించదగిన విషయం.) ఇటువంటి కథలలో ఇద్దరు నాయకులూ దాదాపు సమానబలులు. తేడా అంతా గుణంలోనే ఉంటుంది. ‘ఇంద్ర’ (2002)లో భూమి, నీరు ప్రస్తావనకు వచ్చినా అవి నాయకుని త్యాగానికి నేపథ్యంగానే మిగిలాయి. అనుచరునికి విధేయతే తప్ప ఫిర్యాదు ఉండదు. అతడు చంపుతాడు, లేదా చస్తాడు.

ఇక చరిత్ర. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించిన తరువాత, ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ల సైనికబలాన్ని అణచివేశాడు. కోటలు, పాళెములు పోయిన కుటుంబాలలో కొన్నింటికి పింఛన్లు మిగిలాయి. నరసింహారెడ్డికి అందుతున్నది నెలకు పదకొండు రూపాయల చిల్లర. ఆయన తాత, నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి కుటుంబానికి చెల్లుతూ వచ్చిన పింఛను రద్దయినప్పుడు అందులో భాగమిచ్చేందుకు ప్రభుత్వం నిరాకరించింది. 1886లో వెలువడిన కర్నూలు జిల్లా మాన్యువల్‌లో నరహరి గోపాలకృష్ణమ సెట్టి తిరుగుబాటు కథను ఈ ఆశాభంగంతోనే మొదలుపెట్టారు. కంపెనీ అధికారులకు కూడా అనువైన కారణమే ఇది. పింఛను దక్కని ఒక మనిషి కోపంగా చూపితే తిరుగుబాటు చిన్నదైపోతుంది.

అయితే అదే మాన్యువల్ మరో కారణాన్నీ నమోదు చేసింది. నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది. గ్రామాల కాపలా, రక్షణ బాధ్యతలు వహించిన కట్టుబడి బంట్రోతులకు స్వల్పమైన నిర్ణీత పన్నుతో ఇనాం భూములు ఉండేవి. కొత్త పాలనలో ఆ కొలువు అవసరం తగ్గింది. ఇనాంలను వెనక్కు తీసుకునే చర్చ మొదలైంది. నరసింహారెడ్డి చుట్టూ చేరినది ఈ కట్టుబడులే. 1846 జూలైలో వారు కోవెలకుంట్ల ఖజానాపై పడ్డారు. కంపెనీ అధికారం ఆ తాలూకాలో పన్నుసొమ్ము రూపంలో పోగుపడిన చోటు అది. అక్కడ ఎదుటనున్నది మరో పాలెగాడు కాదు. రెవెన్యూ యంత్రాంగం.

దోపిడి, హత్య జరగలేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ దాడులలో తహశీల్దారు హతుడయ్యాడు. గిద్దలూరు వద్ద లెఫ్టినెంట్ వాట్సన్ బలగంతో పోరు జరిగింది. ఎర్రమల, నల్లమలలే తిరుగుబాటుదారులకు ఆశ్రయమయ్యాయి. 1846 అక్టోబరులో పేరుసోముల వద్ద పట్టుబడిన నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆయన తల 1877 వరకు కోటవద్ద వేలాడుతూనే ఉంది. ఒక పింఛనుదారుని కోపమే కారణమైతే ముప్పయ్యేళ్ల హెచ్చరిక ఎందుకు? అది ఆయన వెంట నడిచినవారి కోసమనే అనుకోవాలి.

2019లో వచ్చిన ‘సైరా నరసింహారెడ్డి’ని ఈ నేపథ్యంలో చూడాలి. కథ పరుచూరి సోదరులది. ‘సమరసింహారెడ్డి’, ‘ఇంద్ర’ చిత్రాలకు మాటలు రాసినవారూ వారే. ‘ఇంద్ర’ కథానాయకుడు చిరంజీవే ఇక్కడి పాలెగాడు. కంపెనీని ప్రధాన శత్రువుగా నిలపడంలో ఈ చిత్రం ఫ్యాక్షన్ కథలకు దూరం జరిగింది. అయినా అవుకు రాజు పాత్రలో పోటీ నాయకుడు మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. పాలెగాళ్ల మధ్య పంతం, అసూయ, సయోధ్య కథను చాలాదూరం నడిపాయి. పింఛను, ఇనాం వంటి పొడి మాటలకు దక్కని నాటకీయత ఈ పంతానికి దక్కింది. రచయితలను తప్పుపట్టడం సులువే గాని, ఇనాం చర్చను రెండున్నర గంటలు ఏ ప్రేక్షకుడు చూస్తాడు?

ఉయ్యాలవాడ వాడుకలో మరో జంట ఉంది. నరసింహారెడ్డిని, 1866 కరువులో అన్నదానం చేసి విక్టోరియా రాణి నుండి బంగారు పతకం పొందిన బుడ్డా వెంగళరెడ్డిని కలిపి ‘రేనాటి సూర్యచంద్రులు’ అంటారు. ఒకరిని ఉరితీసిన పాలనే, రెండు దశాబ్దాలు తిరగకముందే, అదే ఊరివాడైన మరొకరిని సత్కరించింది. వీరిద్దరినీ శత్రువులుగా చూపాలని ప్రజలకు తోచలేదు. ఇద్దరు నాయకులనగానే వైరమే ఉండాలన్న నియమం తెరదే గాని ఊరిది కాదు.

అనుచరులలో ఒక పేరు మాత్రం నిలిచింది. వడ్డె ఓబన్నను జనం నరసింహారెడ్డి సేనానిగా తలచుకుంటారు. మిగిలిన కట్టుబడులు ఎవరు, ఏ ఊళ్లవారు, ఎంత భూమి పోతుందని భయపడ్డారు అన్నది ఇనాం రికార్డులను, రేనాటి ఊళ్లలో ఇంకా పాడుతున్న కథాగేయాలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడే తేలుతుంది. గేయ సేకరణ కొంత జరిగింది. రికార్డుల వైపు మన తెలుగు శాఖల పరిశోధకులు ఇంకా వెళ్లవలసి ఉంది.