బత్తెము – బాట

బందరునుండి హైదరాబాదునకు పోవు పాతబాట, బెజవాడ దాటిన పిమ్మట, నందిగామ, జగ్గయ్యపేటల మెట్టభూముల మీదుగా సాగును. నేడు 65వ జాతీయ రహదారియు ఈ వైపుననే పోవుచున్నది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు బేతవోలును పెంపొందించి, తన తండ్రి పేర జగ్గయ్యపేట యని పిలిచిన కాలమున, లంబాడీల ఎద్దులు ఉప్పు పెరికెలతో తీరమునుండి ఎగువసీమలకు నడచుచుండెడివి.

ఈ బాటను సైన్యములును నడచినవి. 1798 సెప్టెంబరు 1వ తేదీ సంధిచే నిజాము రాజ్యమున 6,000 మంది కంపెనీ సిపాయిలు నిలిచిరి. 1806లో ఆ దండు విడిదికి సికందర్ జా పేర సికందరాబాదను పేరు వచ్చెను. బందరు రేవున దిగిన పటాలములు ఈ మార్గముననే అచ్చటికి చేరుచుండెడివి. ఇంగ్లీషువారు, ఐరిషువారు, తెలుగువారు, అరవవారు ఒక్క దండుగా మెలగిరి.

ఇందరికి తిండి యెట్లు? తెల్లసిపాయికి రొట్టె, మాంసము, సారాయి కంపెనీయే యిచ్చెడిది. మన సిపాయి తన జీతముతో బజారున గింజలు కొని వండుకొనవలెను. మద్రాసు సిపాయిలు ఆలుబిడ్డలను వెంటబెట్టుకొని పోవుట వాడుక. దండయాత్రలో లభించు అదనపు సొమ్మును ‘బత్తా’ యనిరి. మన బత్తెమునకు అది చుట్టమే. దానిని తగ్గించినందుకు 1766లో బెంగాలున తెల్ల అధికారులే తిరుగబడిరి. కాని బత్తా చేత నున్నను, మెట్టనాట చౌకగా దొరకునది జొన్నయే. వరియన్నమునకు అలవాటుపడినవాడు ఆ ఊరి కూటికి అలవాటు పడవలసినదే.

బజారే లేనిచోట ఏమగునో బర్మా యుద్ధమున తెలిసినది. 1824 మే 11వ తేదీన మద్రాసు, బెంగాలు సిపాయిలును తెల్లసైనికులును కలిసి రంగూనులో దిగిరి. ఊరు ఖాళీగా నుండెను. బర్మా అధికారుల ఆజ్ఞచే జనము అడవులకు పోయిరి. గింజ లేదు, పశువు లేదు, పడవవాడు లేడు. పైన వానకాలము. ఉప్పుమాంసము, బూజుపట్టిన బిస్కత్తులు తిని సైనికులు రోగముల పాలైరి. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో ఓడలపై ఆహారము పంపించుచుండెను. యుద్ధమునకు పోయిన సుమారు 40,000 మందిలో 15,000 మంది మరణించిరి. అందు అత్యధికులు వ్యాధులచే పోయినవారే. 1825లో సైన్యము ప్రోము చేరిన పిమ్మట, గ్రామస్థులు మరలివచ్చి అంగళ్లు తెరచినప్పుడు గాని, తాజా ఆహారము సమృద్ధిగా దొరకలేదు.

ఆ అంగడికి మూలము రైతు గాదె. అది వట్టిపోయినప్పటి సంగతి మనవారెరుగుదురు. 1832–33 నందన కరువున కృష్ణకు ఆవలి గుంటూరు సీమలో 5,00,000 జనములో సుమారు 1,50,000 మంది చనిపోయిరి. సిపాయికి నెలజీతము కలదు. రైతుకు వానయే జీతము.

సేనానుల పేర్లు, పటాలముల పేర్లు గ్రంథములకెక్కినవి. బాట ప్రక్క ఊళ్లలో జొన్నలు పండించి కొలిచిపోసిన మెట్టరైతులును ఆ చరిత్రలో పాలివారే.