కొండమీది మేడ – ఫలక్‌నుమా



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దవాళ్ళు వూరికే అనలేదు. ఉన్న ఇంటికి రెండు గదులు కలిపి వేసుకునేసరికే సిమెంటు లెక్కలూ, మేస్త్రీ అడ్వాన్సులూ మన తల తినేస్తాయి. మరి నిజాం ప్రభువుకి వరసకి బావగారు, పాయెగా నవాబుల వంశంలో పుట్టినవారు, ఆ తర్వాత హైదరాబాదుకి దివాను అయినవారు కూడా ఒక ఇల్లు మొదలుపెట్టి అప్పులపాలయ్యారంటే నమ్ముతారా? ఆ ఇంటి కథే ఇవాళ చెబుతాను.

చార్మినారు దగ్గర్నుంచి దక్షిణంగా నాలుగైదు కిలోమీటర్లు వెళితే ఒక కొండ. దానిమీద 32 ఎకరాల జాగాలో తెల్లటి మేడ. ఫలక్ అంటే ఆకాశం. ఫలక్‌నుమా అంటే ఆకాశాన్ని చూపించేది, ఆకాశానికి అద్దంలాంటిది అని అర్థం చెబుతారు. నవాబ్ వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న దీనికి శంకుస్థాపన చేశారు. అన్నీ పూర్తయ్యేసరికి తొమ్మిదేళ్ళు పట్టింది. పైనుంచి చూస్తే మేడ రెక్కలు చాచిన తేలు ఆకారంలో వుంటుందంటారు. నవాబుగారిది వృశ్చిక రాశి అనీ, అందుకే అలా కట్టించారనీ చెప్పుకుంటారు. జాతకాల పిచ్చి మనకే అనుకున్నాను!

మొన్నామధ్య మా ఆడపడుచుతో కలిసి చూడడానికి వెళ్ళాను. ఇప్పుడది పెద్ద హోటలు కదా, ముందుగా ఏర్పాటు చేసుకునే వెళ్ళాం. ముఖద్వారం, స్తంభాలు అంతా యూరపు పద్ధతి. పాల మీగడలాంటి ఇటలీ చలువరాయి. లోపల అడుగుపెట్టగానే నడిమధ్య పాలరాతి ఫౌంటెను, తలెత్తితే పైకప్పు నిండా బొమ్మలు. అక్కణ్ణుంచి పైకి పాలరాతి మెట్లు. కిందనుంచి స్తంభం ఆసరా ఏదీ కనిపించదు. మెట్ల పక్కన దీపాలు పట్టుకున్న పాలరాతి బొమ్మలు, గోడవారగా ఇంగ్లీషు గవర్నరు జనరళ్ళ పటాలు. సొంత ఇంటి మెట్లమీద దొరల పటాలు తగిలించుకోవలసిన రోజులవి. నాకు ఆ పటాలకంటే మెట్లే నచ్చాయి.

పుస్తకాల గది పైకప్పు అంతా చెక్కడపు పని చేసిన వాల్‌నట్ కర్ర. ఇంగ్లండులో విండ్సర్ కోట గ్రంథాలయం నమూనాలో చేయించారట. ఇక భోజనాల హాలు. బల్ల పొడవు 108 అడుగులు, ఒక్క పంక్తిలో 101 మంది కూర్చోవచ్చు. ఈ చివర మెల్లగా అన్న మాట ఆ చివర వినిపిస్తుందని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పారు. మా ఆడపడుచు మాత్రం, "వదినా, ఇది రోజూ తుడిచేదెవరు?" అంది. నిజమే, ఇలాంటి ఇళ్ళ చరిత్రలో ఆ పేర్లు రాయరు.

ముందువైపు ఇంత దొరల వైభవం చూశాక వెనకవైపుకి వస్తే ఇల్లు మాట మార్చేస్తుంది. అక్కడ జనానా. స్త్రీలు వుండే భాగం. స్తంభాలు, రోమన్ పద్ధతి పోయి, మన దేశపు కమాన్లు, మధ్యలో ఆవరణ వస్తాయి. అతిథులకి చూపించే ముఖం ఒకటి, ఇంటివాళ్ళు బతికే ముఖం మరొకటి. మన ఇళ్ళల్లో మాత్రం? ముందుగదిలో సోఫా, షోకేసు, వెనకవైపు చాప, రోలు!

ఈ ఇంటికి 40 లక్షలు అయిందని అంటారు. ఆనాటి 40 లక్షలు! నవాబుగారికి అప్పులు మీదపడ్డాయి. అప్పుడు ఆయన బేగంగారే ఉపాయం చెప్పారని ఒక కథ. ఆరో నిజాము మహబూబ్ అలీ పాషాని అతిథిగా పిలిచారు. ఆయనకి మేడ నచ్చింది. నచ్చితే తమదే ననుకోమని నవాబుగారు కానుకగా సమర్పించారు. నిజాము పుచ్చుకున్నారు గానీ, అయిన ఖర్చంతా ఇచ్చేశారట. ఇదంతా 1890ల మాట. పరువూ దక్కింది, అప్పూ తీరింది. ఇల్లు మాత్రం పోయింది. ఉపాయం చెప్పిన ఆవిడకి ఆ రోజు ఎలా వుండిందో ఎవరూ రాయలేదు. తొమ్మిదేళ్ళు కళ్ళముందు లేచిన ఇల్లు అది.

మహబూబ్ పాషా 1911 ఆగస్టులో ఆ మేడలోనే కన్నుమూశారు. ఆయన కొడుకు ఉస్మాన్ అలీఖాన్ కింగ్‌కోఠీలో వుండేవారు. ఫలక్‌నుమా రాజ అతిథులకే తెరుచుకునేది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు బస చేశాక తలుపులు మూసేశారు. అర్ధశతాబ్దంపాటు దుమ్ము, చీకటి. పది రోజులు ఊరెళ్ళి వస్తేనే మన ఇల్లు ఎలా వుంటుందో మీకు తెలుసుగా!

2000 తర్వాత ముకర్రంజాగారి మొదటి భార్య, టర్కీ దేశస్తురాలు ఇస్రా యువరాణి పూనుకుని, తాజ్ హోటళ్ళవారితో కలిసి బాగుచేయించారు. దీపాల గుత్తులు, తివాచీలు, తెరలు, కుర్చీల గుడ్డ ఒక్కొక్కటే చూసుకున్నారు. పదేళ్ళు పట్టింది. 2010 నవంబరులో 60 గదుల హోటలుగా తెరిచారు. కట్టడానికి తొమ్మిదేళ్ళు, తుడవడానికి పదేళ్ళు!

వచ్చేటప్పుడు మా ఆడపడుచు పైకప్పుకేసి చూపిస్తూ, "ఆ అక్షరాలేమిటి వదినా?" అంది. ఇంగ్లీషులో వి, ఓ. వికారుల్ ఉమ్రా పేరులోవి. గోడలమీద, సామానుమీద కూడా వేయించుకున్నారు. ఇల్లు నిజాముల చేతికి వెళ్ళినా వాటిని ఎవరూ చెరపలేదు.