పగ్ కుక్క: చప్పిడి ముఖం చరిత్ర

పగ్ ఆరు నుంచి ఎనిమిది కిలోల బరువుండే చిన్న పెంపుడు కుక్క. గుండ్రటి తల, నల్లటి చప్పిడి మూతి, నుదుటి మీద లోతైన ముడతలు, ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద కళ్లు, నడుం మీదికి చుట్టుకున్న తోక దీని గుర్తులు. ఒంటిరంగు ఎక్కువగా లేత గోధుమ, కొన్నిటికి పూర్తిగా నలుపు. వేటకో కాపలాకో మందలు తోలడానికో తయారుచేసిన జాతి కాదిది. మనిషి పక్కన ఉండడమే దీని పని. శతాబ్దాలుగా ఆ పని ఎంత బాగా చేసిందంటే చైనా చక్రవర్తుల నుంచి హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల దాకా దీన్ని ప్రేమించని ఇల్లు లేదు. ఆ ప్రేమే ఈ కుక్క ముఖాన్ని మార్చింది. నేటి పగ్‌కు ఊపిరి కష్టమైందంటే కారణం ప్రకృతి కాదు, గత నూటయాభై ఏళ్లలో మనుషులు చేసిన ఎంపిక.

చైనా నుంచి ఐరోపాకు

పొట్టి మూతి కుక్కల్ని పెంచడం చైనాలో చాలా పాత అలవాటు. పెకినీస్, షిట్జూ, పగ్ మూడూ అక్కడి రాజాస్థానాల నుంచి వచ్చినవే. అక్కడ అవి అంతఃపురాల్లో సేవకుల సంరక్షణలో పెరిగేవి. చక్రవర్తి కానుకగా ఇస్తే తప్ప బయటివాళ్ల చేతికి వచ్చేవి కావు. 1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ ఏర్పడి ఆసియాతో సముద్ర వ్యాపారం పెరిగాక, ఆ ఓడల్లోనే ఈ కుక్కలు నెదర్లాండ్స్ చేరాయని సాధారణంగా చెబుతారు.

డచ్చివాళ్ల స్వాతంత్ర్య నాయకుడు విలియం ది సైలెంట్‌ను 1572లో ఒక రాత్రి శత్రువుల దాడి నుంచి అతని కుక్క లేపి కాపాడిందనే కథ ప్రసిద్ధం. డెల్ఫ్ట్ నగరంలోని అతని సమాధి మీద పాదాల దగ్గర కుక్క శిల్పం కూడా ఉంది. అది పగ్ అని ఈ జాతి అభిమానులు నమ్ముతారు కానీ, శిల్పంలోని కుక్క పోలికలు ఆ మాటను బలపరచవు. కథ ఎలా ఉన్నా, పగ్ ఆ రాజవంశానికి ఇష్టమైన కుక్కగా నిలిచింది. 1688-89లో ఆ వంశపు విలియం, అతని భార్య మేరీ ఇంగ్లండ్ సింహాసనం కోసం సముద్రం దాటినప్పుడు వెంట వెళ్లిన పగ్‌ల మెడలకు నారింజరంగు రిబ్బన్లు ఉండేవని చెబుతారు. నారింజ ఆ వంశపు రంగు.

18వ శతాబ్దం పగ్‌కు స్వర్ణయుగం. జర్మనీలో మైసెన్ పింగాణీ కర్మాగారపు శిల్పి కాండ్లర్ పగ్ బొమ్మలెన్నో చేశాడు. పోప్ 1738లో కాథలిక్కులు ఫ్రీమేసన్లలో చేరకూడదని ఆజ్ఞాపించాక, అక్కడి కాథలిక్కులు కొందరు పగ్‌ను చిహ్నంగా పెట్టుకుని వేరే రహస్య సంఘం కట్టుకున్నారు. విశ్వాసానికి అంతకంటే మంచి గుర్తు వాళ్లకు కనబడలేదు. ఫ్రాన్స్‌లో జోసెఫిన్ పెంచిన ఫార్చ్యూనే అనే పగ్, 1796లో పెళ్లి రాత్రి మంచం వదలనని మొండికేసి కొత్త పెళ్లికొడుకు నెపోలియన్ కాలు కరిచిందని చెప్పుకుంటారు. 19వ శతాబ్దంలో విక్టోరియా రాణి పగ్‌లను పెంచడమే కాక పిల్లల్ని కూడా పెట్టించింది.

మూతి ఎప్పుడు పోయింది

ఈ ప్రశ్నకు జవాబు చిత్రపటాల్లో దొరుకుతుంది. ఇంగ్లిష్ చిత్రకారుడు విలియం హోగార్త్ 1745లో తన బొమ్మ తానే గీసుకుంటూ పక్కన తన పగ్ ట్రంప్‌ను కూడా చేర్చాడు. ఆ పటం ఇప్పుడు లండన్‌లోని టేట్ బ్రిటన్‌లో ఉంది. అందులోని కుక్కకు స్పష్టంగా ముందుకు వచ్చిన మూతి ఉంది. స్పెయిన్‌లో గోయా 1786 ప్రాంతంలో గీసిన పొంటెహోస్ దొరసాని పటంలో, ఆమె కాళ్ల ముందు నడుస్తున్న పగ్‌కూ పొడవైన కాళ్లే, కనబడే మూతే. ముఖం పొట్టిదే కానీ చదును కాదు. ఆ కుక్కలు పరుగెత్తగలవని చూడగానే తెలుస్తుంది.

మార్పు 19వ శతాబ్దం రెండో సగంలో ఊపందుకుంది. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు బీజింగ్ వేసవి రాజభవనాన్ని దోచుకున్నాక చైనా కుక్కలు బ్రిటన్‌కు రావడం మొదలైంది. చైనా నుంచి వచ్చిన ల్యాంబ్, మాస్ అనే జంటకు పుట్టిన క్లిక్ అనే పగ్ సంతానం బ్రిటన్ పగ్‌ల రూపాన్ని బాగా మార్చింది. అదే సమయంలో కుక్కల ప్రదర్శనలు పుట్టుకొచ్చాయి. 1873లో బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్, 1883లో పగ్ డాగ్ క్లబ్ ఏర్పడ్డాయి. 1885లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది. జాతి ప్రమాణాలు కాగితం మీదికి వచ్చాయి. పొట్టి, చదరపు మూతి కావాలని రాసుకుంటే, న్యాయనిర్ణేతలు ఇంకాస్త పొట్టి మూతికి బహుమతి ఇచ్చారు. బహుమతి పొందిన మగకుక్కతోనే అందరూ తమ ఆడకుక్కల్ని దాటించారు. తరానికి కొంచెం చొప్పున మూతి లోపలికి పోయింది. బంధువుల మధ్యే సంతానం కలగడంతో జన్యువైవిధ్యం కూడా తరిగిపోయింది.

ముఖం ఇలా కుదించుకుపోవడంలో ఒకే జన్యువుది కాదు పాత్ర. అయితే ఎడిన్‌బరోలోని రోజ్లిన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2017లో ఎస్‌ఎంఓసి2 అనే జన్యువులోకి అదనపు డీఎన్ఏ ముక్క ఒకటి చొరబడడాన్ని గుర్తించారు. కుక్కల ముఖాల పొడవులో కనిపించే తేడాలలో మూడో వంతుకు పైగా దానికే సంబంధించినదని వాళ్లు తేల్చారు.

ఎముక తగ్గింది, కండ తగ్గలేదు

పగ్ జబ్బుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క వాక్యంలో ఉంది. పుర్రె ఎముక పొట్టిదైనా, దాని లోపల ఉండవలసిన కండ, పొరలు ఆ దామాషాలో తగ్గలేదు. నాలుక పాత పరిమాణంలోనే ఉంది. మెత్తని అంగిలి పొడవుగా, దళసరిగా వెనక్కి వేలాడి గాలిదారికి అడ్డం పడుతుంది. ముక్కుపుటాలు చీలికల్లా ముడుచుకుని ఉంటాయి. ముక్కు లోపలి చుట్లకు చోటు చాలక అవి గాలి పోయే సందుల్లోకి పెరుగుతాయి. సన్నని గొట్టంలో గాలి సాఫీగా పోతున్నప్పుడు, గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే నిరోధం 16 రెట్లు పెరుగుతుంది. ఆ గాలిని లోపలికి లాగడానికి పగ్ ప్రతి ఊపిరికీ బలం పెట్టాలి. ఏళ్ల తరబడి అలా లాగీ లాగీ స్వరపేటిక పక్కనున్న పొరలు బయటికి తిరగబడతాయి, చివరికి స్వరపేటిక మృదులాస్థే లోపలికి కుంగిపోతుంది. ఈ మొత్తాన్ని వైద్యులు బోయాస్ అంటారు. చప్పిడి ముఖం వల్ల గాలిదారి మూసుకుపోయే జబ్బు అని అర్థం.

దీని లక్షణాలు ప్రతి పగ్ యజమానికీ తెలిసినవే: గురక, మెలకువలోనూ గుర్రుమనే ఊపిరి, కాస్త నడవగానే ఆగిపోవడం, తిన్నది నురగతో కక్కేయడం, కూర్చునే కునికిపాట్లు పడడం, గడ్డం ఎత్తులో ఆనించి లేదా నోట్లో బొమ్మ పెట్టుకుని నిద్రపోవడం. విషాదమేమిటంటే వీటిని మనం ముద్దు అనుకుంటాం. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఊపిరి ఇబ్బంది స్పష్టంగా ఉన్న కుక్కల యజమానుల్లో 58 శాతం మంది తమ కుక్కకు అలాంటి సమస్యే లేదన్నారు. మెలకువగా ఉన్న కుక్క ఊపిరి పక్కగదికి వినబడడం జాతి లక్షణం కాదు, జబ్బు లక్షణం.

కళ్ల సంగతీ అంతే. కంటిగుంత లోతు లేకపోవడంతో కనుగుడ్డు బయటికి ఉంటుంది, రెప్పలు పూర్తిగా మూతపడవు. కన్నీటి పొర ఆరిపోయి నల్లగుడ్డు మీద పుళ్లు పడతాయి. ముడతల వెంట్రుకలు ఒరుసుకుని గోధుమరంగు పొర పేరుకుని చూపు తగ్గుతుంది. మెడ గట్టిగా లాగినా, వేరే కుక్క మీద పడినా కనుగుడ్డు గుంతలోంచి బయటికి వచ్చేసే ప్రమాదం ఉంది. ముఖపు మడతల్లో తడి నిలిచి చర్మం పాచి పుండ్లవుతుంది. పెద్ద కుక్కకున్నట్టే 42 పళ్లు ఆ చిన్న దవడలో ఇరుక్కుని వంకర తిరుగుతాయి. వెన్నెముకలో పూర్తిగా ఏర్పడని పూసలు కొన్నిటికి వెనక కాళ్ల బలం తీసేస్తాయి. పిల్లల తల పెద్దది కావడంతో కాన్పు కష్టమై తరచూ సిజేరియన్ చేయవలసి వస్తుంది. ముఖంతో సంబంధం లేని జబ్బు కూడా ఒకటుంది: పగ్‌లకు వంశపారంపర్యంగా వచ్చే మెదడువాపు. వయసులో ఉన్న కుక్కకే ఫిట్స్‌తో మొదలై చాలాసార్లు ప్రాణం తీస్తుంది.

రాయల్ వెటర్నరీ కాలేజీ 2022లో బ్రిటన్ పగ్‌ల వైద్య రికార్డులను ఇతర కుక్కల రికార్డులతో పోల్చింది. పగ్‌కు ఏదో ఒక జబ్బు ఉండే అవకాశం 1.9 రెట్లు, బోయాస్ అవకాశం సుమారు 54 రెట్లు ఎక్కువని తేలింది. ఆరోగ్యపరంగా పగ్‌ను ఇక మామూలు కుక్కగా లెక్కించలేమని పరిశోధకులు అన్నారు. పగ్‌కు మేలైన అంశాలూ అందులో ఉన్నాయి; గుండెచప్పుడు తేడాలు, దూకుడు ఇతర కుక్కలకంటే తక్కువ. అదే ఏడాది వేసిన మరో లెక్కలో పుట్టిన పగ్ సగటు ఆయుర్దాయం 7.7 ఏళ్లు, జాక్ రస్సెల్ టెర్రియర్‌ది 12.7 ఏళ్లు.

వెనక్కి తిప్పే ప్రయత్నాలు

2008లో బీబీసీ ప్రసారం చేసిన ‘పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్’ అనే డాక్యుమెంటరీ ఈ విషయాన్ని ఇంటింటికీ చేర్చింది. తర్వాత బ్రిటన్ కెన్నెల్ క్లబ్ జాతి ప్రమాణాలను సవరించింది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంతో కలిసి 2019లో ఒక పరీక్ష తెచ్చింది. కుక్క గొంతును స్టెతస్కోపుతో విని, మూడు నిమిషాలు చురుగ్గా నడిపించి, మళ్లీ విని, 0 నుంచి 3 వరకు గ్రేడు ఇస్తారు. 3 వచ్చినదానితో పిల్లల్ని పెట్టించకూడదు. పగ్‌ను ఐరోపాకు తెచ్చిన నెదర్లాండ్సే అందరికంటే ముందుకు వెళ్లింది. మూతి పొడవు పుర్రె పొడవులో పదింట మూడు వంతులకు తగ్గిన కుక్కల సంతానోత్పత్తిని 2019 నుంచి అడ్డుకుంటోంది. జర్మనీలో కొందరు టెర్రియర్‌తో సంకరం చేసి పాత చిత్రాల్లోని మూతిని తిరిగి తెస్తున్నారు. జాతి స్వచ్ఛత పోతుందని క్లబ్బులు అభ్యంతరం చెబుతాయి. కానీ ఊపిరాడని స్వచ్ఛత కంటే ఊపిరాడే సంకరమే కుక్కకు మేలు.

తెలుగు నేల మీద పగ్

2003లో హచ్ టెలిఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లవాడి వెంట ఎక్కడికైనా వెళ్లే చీకా అనే పగ్ కనిపించింది. తర్వాతి రోజుల్లో ఈ జాతికి దేశమంతటా గిరాకీ పుట్టింది. 2007లో హచ్ పేరు వొడాఫోన్‌గా మారినా, మనవాళ్ల నోట ‘హచ్ కుక్క’ అలాగే ఉండిపోయింది. గిరాకీ వెంట తల్లినీ పిల్లనూ పట్టించుకోని పెంపకమూ పెరిగింది. వ్యాపార సంతానోత్పత్తి కోసం విదేశీ కుక్కల దిగుమతిని కేంద్రం 2016లో నిషేధించింది. 2017 నియమాల ప్రకారం కుక్కల పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, 18 నెలలు నిండని ఆడకుక్కతో పిల్లల్ని పెట్టించకూడదు. పిల్లను కొనేవాళ్లు తల్లిని చూపించమని అడగాలి. తల్లి ముక్కుపుటాలు తెరుచుకుని ఉన్నాయా, పది నిమిషాలు ఆడినా నిశ్శబ్దంగా ఊపిరి తీస్తోందా అన్నది కాగితాలకంటే ముఖ్యం.

మన ఎండాకాలం పగ్‌కు అసలు పరీక్ష. కుక్క ఒళ్లు చెమటతో చల్లబడదు. రొప్పినప్పుడు నోరు, ముక్కు లోపలి తడి ఆవిరై చల్లబడుతుంది. పగ్‌కు ఆ ముక్కే లేదు. రెంటచింతలలో 45 డిగ్రీల ఎండ ఎంత ప్రమాదమో, కోస్తాలో 36 డిగ్రీల ఉక్కపోత కూడా అంతే ప్రమాదం. గాలిలో తేమ ఉంటే రొప్పినా ఆవిరి కాదు. రొప్పే కొద్దీ గొంతు వాచి దారి ఇంకా మూసుకుంటుంది. అందుకే వేసవిలో నడక సూర్యోదయానికి ముందే, మిగతా రోజంతా ఏసీ లేదా ఫ్యాను గాలి తగిలే గది. ఆగివున్న కారులో ఒక్క నిమిషం కూడా వదలకూడదు. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండే ఒళ్లు 105 దాటి, నాలుక ముదురు ఎరుపో నీలమో అయి, నడక తూలితే అది వడదెబ్బ. ముందు ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి ఫ్యాను పెట్టాలి, ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి బయల్దేరాలి. తడి తువ్వాలు కప్పి ఉంచితే వేడి బయటికి పోదు.

మిగతా సంరక్షణలో బరువుదే పెద్దపీట. గొంతు చుట్టూ చేరే కొవ్వు ఉన్న కాస్త దారినీ నొక్కేస్తుంది. అరచేయి ఆనిస్తే పక్కటెముకలు తగలాలి. తగలకపోతే తిండి తగ్గించాలి. పెరుగన్నం, బిస్కెట్లు, అందరి కంచాల్లోంచి ముక్కలు కలిస్తే ఏడు కిలోల కుక్క పది కిలోలు కావడానికి ఎన్నాళ్లో పట్టదు. మెడపట్టీ బదులు ఛాతీకి వేసే హార్నెస్ వాడాలి. ముఖపు మడతల్ని రోజూ తడిగుడ్డతో తుడిచి పొడిగా ఆరనివ్వాలి. కన్ను ఎర్రబడినా, మూసుకుంటున్నా ఆ రోజే చూపించాలి, రేపటికి ఆగితే కన్ను పోవచ్చు. మత్తుమందు ఇచ్చే ఏ ఆపరేషన్‌కైనా పూర్తిగా తెలివి వచ్చేదాకా గొంతులో గొట్టం ఉంచే డాక్టరును వెతుక్కోవాలి. విమాన ప్రయాణం గురించీ ముందే అడగాలి. చప్పిడి ముఖపు కుక్కల్ని సామాన్ల అరలో ఎక్కించుకోవడానికి చాలా సంస్థలు ఒప్పుకోవు.

ఊపిరి ఇబ్బంది ముదురుతున్న పగ్‌కు ముక్కుపుటాలను వెడల్పు చేసి, పొడవైన అంగిలిని కత్తిరించే శస్త్రచికిత్స ఉంది. స్వరపేటిక కుంగిపోకముందే, వయసులో ఉన్నప్పుడే చేస్తే చాలా కుక్కలకు నడక, నిద్ర బాగుపడతాయి. కుంగిపోయిన స్వరపేటికను మాత్రం అది తిరిగి నిలబెట్టలేదు.